మామూ కాదు, ఖాలా

మా అమ్మీకి ఇద్దరు తమ్ముళ్లు. కానీ ఎవరైనా అడిగితే 'ఒక్కడే' అని చెప్పేది. చెప్పి, ఇంకో ప్రశ్న రాకముందే లేచి పొయ్యి దగ్గరికి పోయేది. ఆ లెక్కలో లేనివాడు మా ఛోటే మామూ.

నా చిన్నతనమంతా ఆయన భుజాల మీదే గడిచింది. జాన్‌పహాడ్ ఉర్సుకు నన్ను తీసుకుపోయింది ఆయనే. జనంలో దర్గా కనిపించడం లేదని ఏడిస్తే మెడ మీద ఎక్కించుకున్నాడు. గంధం ఊరేగింపు ఆయన తల మీదుగా చూశాను. పీర్ల పండుగకు అలావ చుట్టూ ఆయన అడుగు వేస్తే ఊరంతా నిలబడి చూసేది. డప్పు కొట్టేవాళ్లకు ఆయనంటే ప్రాణం. మర్నాడు అదే మనిషి అదే నడకతో సందులోంచి పోతుంటే వెనక నుంచి 'కొజ్జా' అని ఈల వేసేవాళ్లు. ముసల్మానులూ అనేవాళ్లు, హిందువులూ అనేవాళ్లు. మా ఊళ్లో మతసామరస్యం ఆ ఒక్క మాట దగ్గర బాగా కుదిరింది.

1978లో ఒకరోజు అమ్మీ చీర పెట్టెలోంచి తీసి కట్టుకున్నాడని నానా ఆయన్ని దూలానికి కట్టేసి బెల్టుతో కొట్టాడు. ఆ రాత్రే మామూ ఊరు విడిచాడు. హైదరాబాదులో హిజ్రాల ఇంట్లో ఉన్నాడని, ఒక గురువు దగ్గర చేలాగా చేరాడని రెండేళ్లకు తెలిసింది. తెలిసిన రోజు నుంచీ అమ్మీకి తమ్ముడు ఒక్కడే.

1995లో నానీమా పోయింది. ఎవరు కబురు చేశారో, మధ్యాహ్నం బస్సుకు మామూ దిగాడు. ముదురు ఆకుపచ్చ చీర, జడ, చేతుల నిండా గాజులు. లోపల గుస్ల్ చేయిస్తున్నారు. తల్లి మీద ఒక్క చెంబు నీళ్లు పోస్తానని అడిగాడు. 'నువ్వు మగాడివి, ఇక్కడికి రావద్దు' అన్నారు ఆడవాళ్లు. బయటికొచ్చి నిలబడ్డాడు. జనాజా లేపుతుంటే కంధా ఇస్తానని ముందుకొచ్చాడు. 'చీర కట్టినవు, ఆడదానివి, జనాజా వెంట రావద్దు' అన్నారు మగవాళ్లు. బడే మామూ లోపలికి పోయి తన లుంగీ, చొక్కా తెచ్చి ముందు పడేశాడు. 'యే పహెన్ లే, ఫిర్ కంధా దే' అన్నాడు. ఇవి వేసుకో, అప్పుడు భుజం పట్టు. ఛోటే మామూ వాటివైపు చూశాడు. వేసుకోలేదు. కబ్రస్తాన్ గోడ అవతల, రోడ్డు మీద నిలబడి అక్కణ్ణుంచే దువా చేశాడు.

నేను ఆ జనాజాకు భుజం పట్టాను. ఆయన మెడ మీద కూర్చుని ఉర్సు చూసినవాణ్ణి. ఒక్క మాట మాట్లాడలేదు.

అప్పటికి నేను మూగవాణ్ణేం కాదు. 1992లో బాబ్రీ మసీదు కూల్చిన తర్వాత రాయడం మొదలుపెట్టాను. ఈ దేశం నాది కాదా అని నిలదీస్తూ రాశాను. మా దస్తర్‌ఖాను మీకెందుకు పరాయిది, మా తెలుగు మీకెందుకు తెలుగు కాదు అని రాశాను. సభల్లో చప్పట్లు కొట్టించుకున్నాను. పేరు అడిగి ఇల్లు అద్దెకు ఇవ్వని వాడి గురించి నాలుగు పేజీలు రాసినవాణ్ణి, చీర చూసి తల్లి జనాజా తాకనివ్వని మా ఇంటి గురించి నాలుగు ముక్కలు రాయలేకపోయాను.

ఆ సాయంత్రం బస్టాండు దాకా వెళ్లి సాగనంపాను. బస్సు కోసం నిలబడ్డప్పుడు మామూ మెల్లగా అడిగాడు. 'ఏక్ బార్ ఖాలా బోల్‌కే పుకార్ రే.' ఒక్కసారి ఖాలా అని పిలువురా. బస్టాండు నిండా మనుషులు. నాకు పాఠం చెప్పిన సార్లున్నారు, నా పుస్తకం చదివినవాళ్లున్నారు. నేను 'బస్సొచ్చింది మామూ' అన్నాను.

ఆ మాట ముప్పై ఏళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. అందుకే ఈ వ్యాసంలో ఇక్కణ్ణుంచి ఆమెను ఖాలా అనే రాస్తాను.

ఊరు ఖాలాను పిలిచిన ఆ తిట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత తెలిసింది. కొజ్జా అంటే ఖ్వాజా. అంటే సాహెబు, పెద్దమనిషి. పాదుషాల కొలువుల్లో జనానా బాధ్యత చూసిన హిజ్రాలను ఖ్వాజాసరా అనేవాళ్లు. అజ్మీరులో ఉన్నదీ ఖ్వాజాయే, ఖ్వాజా గరీబ్ నవాజ్. ఆయన ఉర్సుకు దేశం నలుమూలల నుంచి హిజ్రాలు పోతారు. ఒక గౌరవపు మాటను తీసుకుని, నోట్లో నానబెట్టి, ఉమ్మేశాం. మనం పోగొట్టిన ఇజ్జత్‌ను మనమే తిరిగివ్వాలి కదా?

సెక్యులర్ మిత్రులారా, ఇది తురకల ఇంటి గొడవ అని చంకలు గుద్దుకోకండి. స్వలింగ ప్రేమను నేరం చేసిన 377వ సెక్షన్ 1860లో ఇంగ్లీషువాడు రాసిన శిక్షాస్మృతిలోది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా డెబ్బై ఏళ్లు దాన్ని మోసింది మనమందరమూనూ. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెబితే గానీ ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి ప్రేమించుకోవడం నేరం కాకుండా పోలేదు. ముస్లిం మిత్రులారా, మీరూ తప్పంతా ఇంగ్లీషువాడి మీద తోసేయకండి. హిజ్రాలను పట్టీలో రాసి నిఘా పెట్టే చట్టాన్ని ఇంగ్లీషువాళ్లు 1871లో తెస్తే, దాని అడుగుజాడల్లో 1919లో, ఫస్లీ 1329లో, మన నిజాం రాజ్యమూ ఒకటి తెచ్చుకుంది. హైదరాబాదులో అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. ఆడబట్టలు కట్టి బజార్లో కనిపిస్తే, ఆడినా పాడినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ విడిపోయి తెలంగాణ వచ్చింది. చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ బతికే ఉంది.

దాన్ని పాతిపెట్టింది ఏ నాయకుడూ కాదు, ఏ జమాతూ కాదు. వైజయంతి వసంత మొగిలి అనే ట్రాన్స్ మహిళ, ఆమెతోపాటు మరికొందరు కోర్టుకెక్కారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్ మనుషులకు ఆసరా పింఛన్లు ఇవ్వాలని కూడా చెప్పింది. నూట నాలుగేళ్ల చట్టం. ఆ తీర్పు పేపర్లో చదివాకే నాకు తెలిసింది, ఖాలా 1978లో ఏ పట్టణానికి పారిపోయిందో. చీర కట్టుకుంది కాబట్టి నానా కొట్టాడు. చీర కట్టుకుంటే పట్టుకోవచ్చనే చట్టం ఉన్న ఊరికి ఆమె బస్సెక్కింది.

ఇక రెండో పేరు. ముహ్సిన్ హెండ్రిక్స్. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ మనిషి. తాత ఇమాం. తనూ కరాచీలో దీన్ చదువుకుని వచ్చి ఇమాం అయ్యాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, విడాకులయ్యాయి. 1996లో, నేను గే అని బయటికి చెప్పాడు. మతం వదిలెయ్యమన్నవాళ్లకు, ప్రేమ వదిలెయ్యమన్నవాళ్లకు, రెండు వైపులకూ ఒకటే జవాబు చెప్పాడు: ఏదీ వదలను. లూత్ ప్రవక్త కథలో అల్లా కోపం ప్రేమ మీద కాదు, బలాత్కారం మీద, అతిథుల పట్ల దౌర్జన్యం మీద అని చదివి చెప్పాడు. మీరు ఆ అర్థం ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆయన ఖురాన్ మూసి మాట్లాడలేదు, తెరిచి మాట్లాడాడు.

2011లో ఒక మసీదు పెట్టాడు. దాని పేరు మస్జిదుల్ గుర్బా. గుర్బా అంటే గరీబులు. మనకు గరీబ్ అంటే చేతిలో పైసా లేనివాడు. అరబ్బీలో గరీబ్ అంటే పరాయివాడు, ఊరు కానివాడు, తన వాళ్లలోనే ఒంటరి అయినవాడు. ఆ అర్థం తెలిసిన రోజు నేను ఖ్వాజా గరీబ్ నవాజ్ పేరును మళ్లీ నోట్లో అనుకున్నాను. పరాయివాళ్లను ఆదరించేవాడు! నా కళ్ల ముందు కబ్రస్తాన్ గోడ అవతల ఆకుపచ్చ చీర కనిపించింది.

2025 ఫిబ్రవరి 15న హెండ్రిక్స్‌ను కారులో ఉండగానే కాల్చి చంపారు. స్వలింగ ప్రేమికుల పట్ల వివక్ష కూడదని రాజ్యాంగంలోనే రాసుకున్న దేశంలో.

ఆ ఏడాదే మావాళ్లు ఒక సభ తలపెట్టారు. జాతికి సేవ చేసిన పెద్దలకు శాలువాలు కప్పాలి, పేర్లు చెప్పండి అన్నారు. నేను లేచి చెప్పాను. ముహ్సిన్ హెండ్రిక్స్‌ను తలుచుకుని ఒక నిమిషం నిలబడదాం. హైదరాబాదులో ఇంట్లోంచి గెంటేసిన పిల్లలను చేరదీసి అన్నం పెట్టిన ఒక హిజ్రా గురువును పిలిచి శాలువా కప్పుదాం. గదిలో ఫ్యాన్ చప్పుడు వినిపించింది. ఒకాయన తస్బీ తిప్పడం ఆపాడు. ఇంకొకాయన, నాకు అన్నలాంటివాడు, నొప్పి పడుతూనే అన్నాడు. 'తమ్ముడూ, ఇళ్ల మీదికి బుల్డోజర్లు వస్తున్నయి. ఇప్పుడా ఈ ముచ్చట? వాళ్ల చేతికి మనమే కర్ర ఇచ్చినట్టు కాదా?'

ఆయన భయం ఉత్తది కాదు. మన ఇంట్లో చిన్న పగులు కనిపిస్తే చాలు, గోడంతా కూల్చడానికి గునపాలతో తయారుగా ఉన్నారు. కానీ ఈ మాట మనం ముందే విన్నాం కదా! ముందు విప్లవం, కులం సంగతి తర్వాత అని దళితులతో అన్నారు. ముందు వర్గం, మీ మైనారిటీ గొడవ తర్వాత అని మనతో అన్నారు. మన ఆడవాళ్లు తలాక్ గురించి నోరు తెరిస్తే, ముందు మతోన్మాదం సంగతి తేలనివ్వండి అని మనమే అన్నాం. ఈ 'తర్వాత' ఎవరికైనా, ఎప్పుడైనా వచ్చిందా?

మన పాత ఫిఖ్ పండితులకు కూడా ఇంత భయం లేదు. మగా ఆడా అని తేల్చలేని ఖున్సాకు వారసత్వంలో వాటా ఎంత, నమాజులో ఎక్కడ నిలబడాలి అని కూర్చుని ఆలోచించారు. మగవాళ్ల, మగపిల్లల వరుసల వెనక, ఆడవాళ్ల వరుసకు ముందు అని హనఫీ గ్రంథాల్లో చోటు చూపించారు. అది పుట్టుకలో తేడా ఉన్నవాళ్ల గురించే, మా ఖాలా లాంటివాళ్ల గురించి కాదు, నాకు తెలుసు. నేను చెప్పేది ఒకటే. వాళ్లు సఫ్‌లో ఒక వరుస పెంచారు. మేం మా గుమ్మంలో ఒక మనిషిని తగ్గించాం.

నా మాట నెగ్గలేదు. శాలువాలు అలవాటైన భుజాల మీదికే పోయాయి. ఇంటికొచ్చి ఆలోచించాను. సన్మానం చేయమని సభను అడిగినవాణ్ణి, నేను చేయవలసింది చేశానా?

ఆ వారమే హైదరాబాదు పోయాను. పాతబస్తీలో సన్నని సందు, రెండు గదుల ఇల్లు. ఖాలాకు డెబ్బై దాటాయి. మోకాళ్లు పని చేయడం లేదు. చుట్టూ నలుగురు చేలాలు. వాళ్లలో ఇద్దరు హిందువుల ఇళ్లలో పుట్టినవాళ్లు. నన్ను చూసి అందరూ సలాం చెప్పారు. నేను గుమ్మంలోనే నిలబడి, 'సలామాలైకుమ్ ఖాలా' అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చేలాను పిలిచి, 'మేరా భాంజా ఆయా, చాయ్ లావ్' అంది.

సంచిలోంచి శాలువా తీశాను. నవ్వింది. 'యే నక్కో బేటా' అంది. 'మై మరీ తో తూ కంధా దేతా క్యా?' నేను చనిపోతే నువ్వు భుజం పడతావా?

ఢిల్లీలో మెహ్రౌలీ దగ్గర హిజ్రాల ఖాన్‌ఖా ఉంది. లోదీల కాలపు సమాధులు, ఇప్పటికీ హిజ్రాలే చూసుకుంటారు. అయిదు వందల ఏళ్ల కింద వాళ్లకు మట్టి దొరికింది. మా ఖాలా మాత్రం చేలాల మధ్య కూర్చుని, ఏ కబ్రస్తాన్ వాళ్లు రానిస్తారో, ఏ మౌల్వీ నమాజు చదువుతాడో లెక్క వేసుకుంటోంది.

'దేతా ఖాలా' అన్నాను. పడతాను.

జనాజాకు నాలుగు భుజాలు కావాలి. ఒకటి నాది. మిగతా మూడు ఎవరివి?