బార్కాస్ లుంగీ దుకాణం

హైదరాబాద్‌లో ఫలక్‌నుమా దాటి దక్షిణానికి వస్తే చాంద్రాయణగుట్ట. ఫ్లైఓవర్ కింద చౌరస్తా నుంచి పహాడీ షరీఫ్ వైపు కాస్త ముందుకెళ్తే బార్కాస్. బ్యారక్స్ అనే మాటే జనం నోట బార్కాస్ అయింది. నిజాం కొలువులో సిపాయిలుగా చేరేందుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు ఇక్కడ కాపురం పెట్టారు. నగరం వాళ్లను చావుష్‌లు అని పిలిచింది. వాళ్లలో జమేదారు స్థాయికి ఎదిగిన ఖుఅయితీ కుటుంబం ఇక్కడి సంపాదనతో హద్రమౌత్‌లో ఏకంగా రాజ్యమే నిలబెట్టింది. అది 1967 దాకా సాగింది. ఇక్కడి అరబ్బు దళాలు మాత్రం 1948 పోలీసు చర్యతో చెదిరిపోయాయి. కొందరు ఓడలెక్కి వెనక్కి వెళ్లారు. ఉండిపోయినవాళ్లు చేతికందిన పని చేసుకున్నారు. తర్వాతి తరాలకు గల్ఫ్ దారి దొరికింది.

చరిత్ర అంతవరకు చాలు. ఉప్పుగూడలో పెరిగిన నాకు బార్కాస్ అంటే లుంగీ దుకాణమే. ఏడాదికోసారి నాన్న వెంట వెళ్లేవాణ్ణి. మా ఇళ్లలో లుంగీ అంటే నడుముకు చుట్టుకునే బట్ట. ఇక్కడిది అంచులు కలిపి గొట్టంలా కుట్టేసి ఉంటుంది. అరలనిండా ఇండోనేషియా సరుకు. ఎందుకని అడిగితే సముద్రం కథ చెప్పాలి. హద్రమౌత్ వర్తకులు తరతరాలుగా జావా, సింగపూర్, తూర్పు ఆఫ్రికా తీరాలకు వెళ్లి స్థిరపడ్డారు. ఆ రాకపోకల్లోనే జావా నేత యెమెన్ నడుముకెక్కింది, యెమెన్ అలవాటు బార్కాస్‌కొచ్చింది.

దుకాణదారు మడత విప్పి, బట్టను దీపం ముందు పట్టి చూపేవాడు. గళ్ల మధ్య ఒకచోట ముదురు రంగు పట్టీ ఉంటుంది. "బేటా, ఇది ముందుకు రావద్దు, వెనక పడాలె," అని ఒకసారి నన్ను నిలబెట్టి, తలమీంచి లుంగీ వేసి, కుడివైపు ఒక మడత, ఎడమవైపు ఒక మడత పెట్టి పైఅంచును చుట్టేశాడు. ముడి లేదు. అయినా ఇల్లు చేరేదాకా జారలేదు.

కానీ అక్కడికి వచ్చేవాళ్లందరూ లుంగీ కోసమే వచ్చేవారు కాదు. అసర్ నమాజు అయ్యాక ముసలివాళ్లు వచ్చి గల్లా పక్కన కూర్చునేవారు. జెద్దా నుంచి ఎవరి కొడుకు వస్తున్నాడో, ఎవరింట్లో సంబంధం కుదిరిందో, ఏ ఇల్లు కిరాయికుందో అక్కడే తెలిసేది. చేతిలో డబ్బు లేనివాడికి ఉద్దెర ఖాతా ఉండేది. గల్ఫ్ నుంచి పైసలు రాగానే తీర్చేవాళ్లు. ఊరు కాని ఊళ్లో ఒక జాతి తన నడవడి నిలుపుకోవడానికి మసీదు ఎంత అవసరమో ఇలాంటి దుకాణమూ అంతే అవసరమని నా నమ్మకం. సిపాయి కొలువు పోయింది, అరబ్బీ మాట చాలా ఇళ్లలో పలచబడింది, లుంగీ మాత్రం ఉంది.

ఇప్పుడు బార్కాస్‌కు జనం యెమెన్ వంటకమైన మందీ తినడానికి వస్తున్నారు. రంజాన్‌లో హరీస్ తప్పక రుచి చూడండి. గోధుమ, మాంసం గంటల తరబడి ఉడికి వెన్నలా అవుతాయి. ఇక్కడి జామపండ్లకూ పేరుంది.  

రంజాన్ చివరి రాత్రుల్లో వెళ్తే దుకాణాలు తెల్లవారుజాము దాకా తెరిచే ఉంటాయి. కొత్త లుంగీల గంజి వాసన రోడ్డుమీదికే వస్తుంది.