కళ్యాణదుర్గం దారిలో మా అంబాసిడర్

అనంతపురం నుండి కళ్యాణదుర్గం వెళ్లే దారి మా కుటుంబమునకు ఏనాటి నుండో పరిచయమే. ఆత్మకూరు దాటితే ఎర్రనేల, బండగుట్టలు, దూరాన గాలిమరలు. నైరుతి వానను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్యపు వాన తీరం నుండి ఇంతదూరం రాకముందే అలసిపోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే గతి. ఏప్రిల్‌లో వేరుశనగ చేలన్నీ బోసిగా ఉంటాయి.

2025 ఏప్రిల్‌లో పెద్దమ్మగారిని కంటి ఆపరేషనుకు తీసుకురావడానికి నాన్నగారి 1984 అంబాసిడర్‌లో బయలుదేరాము. ఈ ముసలి బండి ఎందుకని కొందరు అనకపోలేదు. ఆత్మకూరు దాటిన కొంతసేపటికి అది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఎండకు గొట్టంలో పెట్రోలు ఆవిరైతే పంపు లాగలేదు. పాత బండ్లకు అది మామూలే. పంపు మీద తడిగుడ్డ వేస్తే సర్దుకుంటుంది. దగ్గరలోని ఇంటి అవ్వను నీళ్లడిగాము. ఆ బిందె ఎంతదూరం నుండి మోసుకొచ్చిందో గాని, చెంబు నిండా ఇచ్చింది. మేము గుడ్డ తడుపుతుంటే చూచి, “తాగేకని ఇచ్చిన నీళ్లు బండికి తాపుతుండారే నాయనా!” అన్నది. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అయినా బండి కదలలేదు. ఆయిల్ చూచే కడ్డీ తీస్తే పెట్రోలు వాసన! అప్పుడు అసలు జబ్బు తెలిసింది. పంపులో ఒక రబ్బరు పొర పైకీ కిందికీ ఆడుతూ వెనుక ట్యాంకు నుండి పెట్రోలు లాగుతుంది. అది చిరిగితే పెట్రోలు ఇంజను ఆయిల్‌లోకి దిగుతుంది. ఇలాంటి వాసన వచ్చిన బండిని మీరు మాత్రం స్టార్టు చేయవద్దు.

ట్రాక్టరుకు మోకు కట్టి కళ్యాణదుర్గం చేరాము. మెకానిక్ సాయిబుగారు పంపు విప్పి చూపారు. పొర ఉబ్బి, అంచున చీలింది. ఈ రోజుల్లో పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. ఆనాటి రబ్బరు దానికి తట్టుకోదు. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత ట్యాంకు తుప్పుపడుతుంది. “పైన డబ్బా కట్టి, ట్యూబుతో కార్బురేటర్‌కు పెట్రోలు ఇస్తాను, ఈ పూటకు పోతుంది,” అన్నారాయన. కాగే ఇంజను మీద పెట్రోలు డబ్బా! పెద్దమ్మను కూర్చోబెట్టి ఆ సాహసం చేయలేక, ఆమెను ఆర్టీసీ బస్సులో అనంతపురం తీసుకుపోయాము. ఆపరేషను తేదీ తప్పలేదు.

ఇక సామాను వేట. ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. అనంతపురం కొట్లలో లేదన్నారు. బెంగళూరు జె.సి. రోడ్డులో మా తమ్ముడు రెండు రోజులు తిరిగితే ఒక ముసలి వ్యాపారి అటక మీది నుండి పంపు కిట్టు దించాడు. అందులోనిదీ పాత రబ్బరే! కవాటాలు, గాస్కెట్టు వాడుకొని, పొర మాత్రం ఇథనాల్‌కు తట్టుకునే రకం వేరే కొన్నాము. గొట్టాలన్నీ మార్చి, ట్యాంకు కడిగించి, పెట్రోలు కలిసిన ఇంజను ఆయిల్ పారబోసి కొత్తది పోయించాము. ఖర్చు లెక్క ఇంట్లో చెప్పలేదు.

తిరుగుదారిలో రెండు క్యాన్ల నీళ్లు తెచ్చి అవ్వ వాకిట దించాము. ఆమె బండి వైపు చూచి, “ఇప్పుడు దప్పిక తీరిందా దానికి?” అని అడిగింది.