బ్రెటన్ల అట్టు

పారిస్ నగరంలో మోంపర్నాస్ స్టేషన్ చుట్టుపక్కల వీధుల్లో నడిచేవారిని కాగిన వెన్న వాసన పలకరిస్తుంది. అడుగడుగునా అట్ల దుకాణాలే! ఆ అట్టు పేరు క్రేప్. అది పారిస్ సొత్తు కాదు. పడమట సముద్రంలోకి చొచ్చుకుపోయిన బ్రిటనీ సీమది. 1863లో కాంపేర్ పట్టణానికీ, 1865లో బ్రెస్ట్ రేవుకీ రైలు వచ్చింది. ఆ రైళ్ళెక్కి, పొట్ట చేతబట్టుకుని వచ్చిన బ్రెటన్లు దిగింది యీ స్టేషన్లోనే. వాళ్ళ యాసనూ, వేషాన్నీ చూసి నగరవాసులు నవ్వుకున్నారు. బ్రెటన్ పనిపిల్లను వట్టి అమాయకురాలిగా చూపే బికాసిన్ బొమ్మల కథ 1905లో మొదలైంది. నవ్విన నగరమే యిప్పుడు ఆ అట్టు కోసం వాళ్ళ వీధికి వెళుతోంది!

బ్రిటనీలో అట్లు రెండు రకాలు. తీపి క్రేప్ గోధుమపిండిది. ఉప్పటి గాలెట్ నల్లగోధుమది. పేరుకే గోధుమ, ఆ జాతి కాదు. మన ఉత్తరాదివారు ఉపవాసాలకు వాడే కుట్టు యిదే. సారం లేని నేలలోనూ పండుతుంది గనుక పేదల తిండి అయింది. గోధుమకున్న జిగురు దీనికి లేదు. తిరగేసేటప్పుడు విరిగే భయం యెక్కువ.

వాళ్ళ పెనం పేరు బిలిగ్. గుండ్రంగా, అంచు లేకుండా, బరువుగా వుండే పోత యినుము పెనం. పిండి పరిచే కర్ర రోజెల్. తిరగేసే పొడుగాటి చెక్క అట్లకాడ స్పానెల్. కొత్త బిలిగ్ మీద వెంటనే అట్టు పోయరు. నూనె రాసి కాల్చి, మళ్ళీ రాసి కాల్చి, నల్లటి నున్నని పొర కట్టేదాకా ఓపిక పడతారు. పందికొవ్వులో గుడ్డుసొన కలిపి, ఆ జిడ్డు గుడ్డతో పెనం తుడుస్తూ వుంటారు. మన యిల్లాండ్రు ఉల్లిపాయ ముక్కను నూనెలో ముంచి రుద్దేదీ యిందుకే.

యింట్లో చేయదలచిన వారికి లెక్క యిది: 250 గ్రాముల మైదా, 3 గుడ్లు, అరలీటరు పాలు, చిటికెడు ఉప్పు, కాస్త కరిగిన వెన్న. ఉండలు కట్టకుండా కలిపి గంటసేపు వదిలేయాలి. పిండి తడి పీల్చుకుని, జిగురు బిగువు సడలుతుంది. తొందరపడితే అట్టు చిరుగుతుంది. పెనం మీద నీటిబొట్టు చిందులు వేయాలి. వేడి చాలకపోతే అట్టు అంటుకుంటుంది. పలచగా పోసి, అంచులు ఆరి తమంత తాము లేచేదాకా అట్లకాడ తాకించరాదు. మొదటి అట్టు చెడితే చింతించవద్దు; అది పెనం వేడి చెప్పడానికే.

ఫిబ్రవరి 2న ఫ్రాన్సులో అట్ల పండుగ. ఒక చేత నాణెం పట్టుకుని, రెండో చేత పెనం యెగరేసి అట్టు తిరగేస్తే యేడాదంతా డబ్బుకు లోటుండదని నమ్మకం. మన అట్లతద్ది గుర్తుకు రాక మానదు!

మన పిల్లలూ నేడు దేశాలు దాటి పోతున్నారు. పెట్టెలో బరువు తూచేటప్పుడు పెనం తీసేయకండి. పంపేది కొత్తది కాదు, వంటింట్లో నల్లబడ్డ పాతదే పంపండి. దానికి అట్టు అంటదు.