నేలఉసిరి పొట్లంలో ఏముంది?

కళ్లు పచ్చబడగానే మీరు మొదట ఎవరి దగ్గరికి పరుగెత్తుతారు? కామెర్లను మా కరీంనగర్ వైపు పసిరికలంటారు. పసిరికలకు పసరే మందని నమ్మేవాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి పది పదిహేను రోజులు గడిచిపోతాయి. వాళ్లను నేను కోప్పడలేను. చిన్నప్పుడు నాకు కామెర్లొస్తే మా నాయనమ్మ పెరట్లోని నేలఉసిరి పీకి, నూరి, మజ్జిగలో కలిపి తాగించింది. తగ్గింది. తాగకపోయినా తగ్గేదేమో! కలుషితమైన నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి.

అయితే నాయనమ్మకు మొక్క తెలుసు. రెమ్మ కింద వరుసగా వేలాడే చిన్న కాయలు చూసుకుని మరీ పీకేది. ఇప్పుడు మనం కొనేది ఎండి, నలిగి, పొడి అయినది. కొన్నేళ్ల కిందట ఆదిలాబాద్ నుంచి ఒక తల్లి తన కొడుకును తీసుకొచ్చింది. కొంగున కట్టిన పొట్లం విప్పి, "నేలుసిరే సారూ, అంగట్ల కొన్న" అంది. వాసన చూశాను, వేలితో కెలికాను. అవునని గాని కాదని గాని చెప్పలేకపోయాను. పిల్లవాడు మగతగా ఉన్నాడు. వెంటనే పెద్దాసుపత్రికి పంపాను. బతికాడు.

ఆ అనుమానం ఊరికే వచ్చింది కాదు. దక్షిణ భారతంలోని 25 దుకాణాల్లో నేలఉసిరి సరుకును పరీక్షించి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. నూటికి 76 దుకాణాల్లో అసలు నేలఉసిరే ఉంది. మిగిలిన 24 వంతుల్లో దాని దాయాదులు, వేరే అయిదు జాతులు కనబడ్డాయి! వాటిని డి.ఎన్.ఎ. ముక్కతో విడదీయవచ్చని కూడా ఆ శాస్త్రజ్ఞులు చూపారు.

సబ్బుపెట్టె మీది నల్లగీతలు చూశారుగా? ప్రతి జీవిలోనూ అటువంటి గుర్తు ఉంటుంది. జంతువులకు ఒక జన్యువులోని సుమారు 650 అక్షరాలు చాలునని 2003లో కెనడా శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్ట్ ప్రతిపాదించాడు. మొక్కల్లో ఆ జన్యువు మరీ నిదానంగా మారుతుంది కనుక 2009లో వాటికి వేరే రెండు జన్యువులు ఎంచుకున్నారు.

గీతలు చదివే యంత్రం ఉంటే చాలదు. ఆ గీతలకు ఎదురుగా సరుకు పేరు ఎవరో రాసి పెట్టాలి గదా! అసలు చాకిరీ అంతా అక్కడే. ఉట్నూరు అడవిలో మొక్కను వేరు, పూత, కాయతో సహా తీయాలి. కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి, అట్టకు అంటించి, ఎక్కడ, ఏ తేదీన, ఎవరు తీశారో రాయాలి. తెలిసిన వృక్షశాస్త్రజ్ఞుడు పేరు ఖాయం చేయాలి. ఆ మొక్క ఆకులోంచే డి.ఎన్.ఎ. తీయాలి. ఒక్క మొక్క చాలదు, వేర్వేరు చోట్లవి కావాలి. పట్టికలో ఒక్క పేరు తప్పు పడితే, దానితో పోల్చిన పొట్లాలన్నీ తప్పే. అట్ట భద్రంగా ఉంటేనే ఆ తప్పు ఎప్పటికైనా దొరుకుతుంది. ఆదిలాబాద్ మొక్కల మీద టి. పుల్లయ్య గారు, మరి ఇద్దరు కలిసి రాసిన పుస్తకం 1992లోనే వచ్చింది. అటువంటి పునాది ఉండటం మన అదృష్టం. గోండు, కొలాము పెద్దలు చెప్పే పేర్లు కూడా అట్ట మీదికి ఎక్కాలని నా కోరిక. యంత్రాలకు డబ్బు పుడుతుంది గాని, మొక్కను చూసి పేరు చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు.

జాతి అసలుదని తేలినంత మాత్రాన మందు పనిచేస్తుందని అనుకోకండి. నేలఉసిరి హెపటైటిస్-బి మీద పనిచేస్తుందని మద్రాసు పరిశోధకులు 1988లో ప్రఖ్యాత 'లాన్సెట్' పత్రికలో రాశారు. తరువాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. పైగా బాగా కాచిన కషాయంలో డి.ఎన్.ఎ. ముక్కలైపోతుంది, గుర్తుపట్టడం కష్టం.

కనుక కళ్లు పచ్చబడిన రోజే రక్తపరీక్ష చేయించుకోండి. మగత, తికమక మాటలు, ఆగని వాంతులు, ఎక్కడనుంచైనా రక్తం పోవడం ఉంటే క్షణం ఆగవద్దు. గర్భిణికి కామెర్లొస్తే అసలే ఆలస్యం చేయవద్దు. పసరు తాగి ఉంటే డాక్టరు దగ్గర దాచకండి. మిగిలిన పొట్లం పారేయక వెంట తీసుకురండి.