గమకానికి కరెంటు తోడు
నారాయణగూడ దాటి చిక్కడపల్లి చేరితే త్యాగరాయ గానసభ. పక్కన అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల హడావుడి; ఇక్కడేమో పాటలు, నాట్యాలు, నాటకాలు. త్యాగయ్య పేరున్న సభలో మైకులూ స్పీకర్లూ ఎందుకంటారా? మాండలిన్ శ్రీనివాస్‌నే తీసుకోండి. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆయన, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. మామూలు మాండలిన్‌కు నాలుగు జంట తీగలు. మీటిన నాదం వెంటనే ఆరిపోతుంది. మరి గమకం పలికేదెలా? ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. యాంప్లిఫయర్ తోడై నాదం నిలిచింది, గమకం సాగింది. 2014లో ఆయన కన్నుమూశారు. దారి మాత్రం మిగిలింది. ఈసారి గానసభకు వెళ్తే, స్పీకరు ఎంత గట్టిగా మోగుతోందని కాదు, గమకం ఎంత తేటగా వినిపిస్తోందో చెవి ఒగ్గండి.