వేరే రంగు చొక్కా

వాలీబాల్ చూడటానికి వచ్చినవాళ్లంతా స్మాష్ కొట్టినవాడికే చప్పట్లు కొడతారు. అంతకుముందు ఆ బంతిని నేలకు బెత్తెడు ఎత్తులో లేపినవాడెవడని ఎవరూ అడగరు. మా కాలేజీ జట్టులో ఆ పని మా రూమ్మేటుది. మేమంతా స్మాషర్లం కావాలని వచ్చినవాళ్లమే. వాడు ఐదడుగుల నాలుగంగుళాలు. 2.43 మీటర్ల నెట్ దగ్గర వీడికేం పనని మొదట్లో నవ్విన సీనియర్లున్నారు.

1998లో అంతర్జాతీయ సమాఖ్య 'లిబరో' స్థానం తెచ్చాక పొట్టివాళ్లకూ ఈ ఆటలో చోటు దొరికింది. లిబరో సర్వీసు చేయకూడదు, బ్లాక్ చేయకూడదు, నెట్ కన్నా ఎత్తులో ఉన్న బంతిని అవతలికి కొట్టకూడదు. వెనక వరుసలో నిలబడి లేపాలి, అంతే. చొక్కా కూడా వేరే రంగులో ఉండాలి. మాకు జట్టు డ్రెస్సులే అరకొర! అందుకని వాడు డిగ్రీ మూడేళ్లూ తన పసుపు టీషర్టు మీదే నంబరు రాయించుకుని ఆడాడు. దాన్ని ఉతికే వంతులు మావి. సబ్బు మాత్రం వాడిదే.

మా హాస్టల్ గ్రౌండంతా మొరం. పడి బంతి లేపిన ప్రతిసారీ మోచేతులు గీరుకుపోయేవి. రాత్రి స్టడీ అవర్లో చేతులు బల్లకు ఆనించలేక పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదివేవాడు. మేం సర్వీసు నెట్టుకు కొట్టి పాయింటు పోగొట్టినా తిట్టేవాడు కాదు. "పోనీరా, ఈసారి వచ్చే బంతి నాది" అనేవాడు. ఆ మాట వెనక ఉందనే మేం భయం లేకుండా కొట్టేవాళ్లం.

చివరి ఏడాది టోర్నమెంటులో ఉత్తమ స్మాషర్ కప్పు మాలో ఒకరికి వచ్చింది. లిబరోకు ఏ కప్పూ పెట్టలేదు. ఆ రాత్రే దాన్ని తెచ్చి వాడి ట్రంకుపెట్టె మీద పెట్టేశాం. ఇప్పుడు పీజీలో వాడు అందులో పెన్నులు వేసుకుంటున్నాడు.