బంపర్ వెనక అక్షరాలు

మాది హోసూరు. మా నాయన చిన్న షెడ్డు పెట్టుకొని కార్లకు టింకరింగ్ పని చేస్తాడు. సొట్టపడిన తలుపును వెనకనుంచి సుత్తితో మెల్లగా తట్టి పాత రూపానికి తేవడం ఆయన పని. "ఇనుము మన మాట వింటుంది పాపా, ఓపిక ఉండాల, అంతే" అని అంటా ఉంటాడు. ఆయన పని నేర్చుకునే రోజుల్లో అంబాసిడర్ కార్లు ఎక్కువ. వాటి బంపర్లు ఉక్కువి, పైన తళతళలాడే క్రోమియం పూత. వంగితే విప్పి, కొట్టి సరిచేసి మళ్ళీ బిగించేవాళ్ళట.

ఇప్పుడు వచ్చే కార్లలో దాదాపు అన్నిటికీ ప్లాస్టిక్ బంపర్లే. వాటిమీద సుత్తి పనిచేయదు. చాలామంది పగిలినదాన్ని పారేసి కొత్తది వేయించుకుంటారు. అందుకే నాయనకు పని తగ్గింది.

పోయిన వేసవి సెలవుల్లో ఒకాయన మూల చీలిన బంపర్‌తో వచ్చాడు. నాయన వేడిగాలి గన్నుతో ప్లాస్టిక్ కడ్డీ కరిగించి అతికించి, రంగు కొట్టి ఇచ్చాడు. వారం తిరక్కుండానే అతుకు ఊడిపోయింది. ఆయన వచ్చి, "తెలియని పని ఎందుకు ముట్టుకున్నావు?" అని నలుగురి ముందర అరిచాడు. నాయన ఏమీ మాట్లాడకుండా డబ్బు వాపసు ఇచ్చేశాడు. ఆ రాత్రి సరిగా అన్నం కూడా తినలేదు.

ఆ పాత బంపర్ షెడ్డులోనే ఉండిపోయింది. ఒకరోజు క్యారియర్ తీసుకుపోయినప్పుడు దాన్ని తిప్పి చూశాను. లోపలివైపు ఇంగ్లీషులో చిన్న అక్షరాలు ఉన్నాయి: పిపి, ఈపీడీఎమ్, టి 20. రాసుకొని, బడి తెరిచినాక సైన్సు సారుకు చూపించాను.

సారు ఇలా చెప్పారు. పిపి అంటే పాలీప్రొపిలీన్. చిన్న అణువులు వేలకొద్దీ గొలుసులాగా కలిసి ఏర్పడిన పాలిమర్. వేడిచేస్తే మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. ఈపీడీఎమ్ ఒక రకం రబ్బరు. అది ఉంటే బంపర్ పెళుసుగా విరగదు. టి 20 అంటే నూటికి 20 వంతులు టాల్క్. మనం మొహానికి పూసుకునే పౌడరులో ఉండే ఖనిజమే! అది గట్టితనం ఇస్తుంది.

మరి ఉక్కు ఎందుకు మానేశారు? ఒక ఘన సెంటీమీటరు ఉక్కు దాదాపు 7.8 గ్రాములు తూగుతుంది. ఈ ప్లాస్టిక్ దాదాపు 1 గ్రామే. కారు బరువు తగ్గితే పెట్రోలు తక్కువ పడుతుంది. ప్లాస్టిక్ తుప్పు పట్టదు, అచ్చులో ఏ వంపు కావాలన్నా పోయవచ్చు. చిన్న దెబ్బ తగిలితే వంగి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఇంజనుకు గాలి అందించే గొట్టాలు ఒకప్పుడు అల్యూమినియంవి, ఇప్పుడు చాలా కార్లలో గాజు పోగులు కలిపిన నైలాన్‌వి. హెడ్‌లైటు గాజు పోయి పాలికార్బొనేట్ వచ్చింది. అయినా లోహం పూర్తిగా పోలేదు. బ్రేకు డిస్కు, క్రాంక్‌షాఫ్ట్ లాంటివి ఆ వేడికీ ఆ బలానికీ ఇంకా లోహంతోనే చేస్తారు. బంపర్ లోపల కూడా చాలా కార్లలో లోహపు దూలం ఉంటుంది.

అప్పుడే నాయన తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది. ఆయన వాడింది బైకు ప్యానెళ్ళ కోసం కొన్న ఏబీఎస్ కడ్డీ. ఏబీఎస్, పిపి రెండూ కరుగుతాయి కానీ ఒకదానితో ఒకటి కలవవు. ఏ జాతి ప్లాస్టిక్కుకు ఆ జాతి కడ్డీయే కావాలి.

నాయనకు ఇంగ్లీషు చదవడం రాదు. అందుకే ఒక అట్టమీద ఇంగ్లీషు అక్షరాలు వరసగా రాసి, పక్కన తెలుగులో అవి ఏ ప్లాస్టిక్కో, ఏ కడ్డీ వాడాలో రాసి షెడ్డు గోడకు అంటించాను. నాయన పిపి కడ్డీలు తెచ్చి ముందు ఆ పాత బంపర్‌మీదే అతికించి, రెండు చేతులా వంచి చూశాడు. ఊడలేదు. "దీనికీ ఓపికే కావాల పాపా" అన్నాడు.

ఆ అక్షరాలు పాత ప్లాస్టిక్కును జాతులవారీగా వేరుచేసి మళ్ళీ వాడుకోవడానికి కూడా పనికొస్తాయని సారు చెప్పారు. అంతకుముందు మా వీధిలో పగిలిన ముక్కలను కుప్పవేసి కాల్చేవాళ్ళు. ఇప్పుడు మా షెడ్డులో పిపి ముక్కలకు వేరే గోనెసంచి ఉంది. ఆదివారాల్లో అక్షరాలు చూసి వేరుచేసే పని నాది.